నేల నీరుగారితే: ఏటి ఒడ్డున, తీరం దగ్గర ఇల్లు కట్టేముందు ఏం చూడాలి, ఏం చేయాలి

కళింగపట్నంలోనో బారువలోనో అల వెనక్కి వెళ్లిన తడి ఇసుక మీద నిలబడి, ఒక్కచోటే కాళ్లతో చకచకా తొక్కి చూడండి. మొదట అరికాలి కింద రాయిలా ఉన్న ఇసుక పది పదిహేను తొక్కుళ్లకు జావ అవుతుంది. పైకి నీరు తేలుతుంది, మడమలు దిగబడతాయి. ఆగి ఒక నిమిషం ఊరుకుంటే మళ్లీ గట్టిపడుతుంది. పిల్లలకు అది ఆట. భూకంపం వచ్చినప్పుడు ఇంటి కింద నేల ఆడే ఆట కూడా అదే. కాకపోతే అప్పుడు దిగబడేది మడమ కాదు, పునాది.

దీన్ని ఇంజనీర్లు లిక్విఫ్యాక్షన్ అంటారు, పుస్తకాల్లో నేల ద్రవీకరణ అని రాస్తారు. నాకు మాత్రం మన పాత మాటే నచ్చుతుంది: నేల నీరుగారడం.

కుంచంతో ధాన్యం కొలిచేవాళ్లను గుర్తు చేసుకోండి. కుంచాన్ని ఒక్కసారి తడితే గింజలు సర్దుకుని మట్టం కిందికి దిగుతుంది. వదులుగా ఉన్న ఇసుక కూడా కుదుపుకు అలాగే సర్దుకోవాలని చూస్తుంది. పొడి ఇసుకైతే సందుల్లోని గాలి తప్పుకుంటుంది, రేణువులు దగ్గరవుతాయి. కానీ ఆ సందుల్లో నీరు నిండి ఉంటే? కుదుపు కొన్ని సెకన్లే. ఆ కొద్ది సమయంలో నీరు బయటపడలేదు. అప్పటిదాకా రేణువు మీద రేణువు ఆని మోస్తున్న బరువంతా నీటి మీద పడుతుంది. రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి నీటిలో తేలినట్టవుతాయి. ఇంతసేపూ నేల అనుకున్నది కాసేపు చిక్కటి ద్రవం. బరువైన ఇల్లు అందులోకి దిగుతుంది, ఖాళీగా ఉన్న సెప్టిక్ ట్యాంకు పైకి తేలుతుంది.

1964 జూన్‌లో జపాన్‌లోని నీగతాలో జరిగింది ఇదే. నాలుగంతస్తుల అపార్టుమెంట్లు గోడలు పగలకుండా, కిటికీల అద్దాలతో సహా ఒక పక్కకు ఒరిగిపోయాయి. ఒకటైతే దాదాపు వెల్లకిలా పడుకుంది. కట్టడంలో లోపం లేదు, కాలు పెట్టిన చోటే లోపం. మన దేశంలో 1934 జనవరి 15న వచ్చిన బీహార్-నేపాల్ భూకంపంలో ఉత్తర బీహార్‌లో దాదాపు 300 కిలోమీటర్ల పొడవున నేల కుంగింది, ఇళ్లు ఒరిగాయి, పొలాల్లో ఇసుక బుగ్గలు లేచి బావులు పూడిపోయాయి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ భూకంపానికి కాండ్లా రేవులో పైల్స్ మీద, అంటే నేలలోకి లోతుగా దించిన స్తంభాల మీద, నిలబెట్టిన భవనమే ఒక పక్కకు వాలింది. ఆ చివరి సంగతి గుర్తుంచుకోండి, పునాదుల దగ్గర దాంతో పని ఉంది.

మనకు అంత భయం ఉందా?

నిజం చెప్పుకోవాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ 2016 నాటి భారత భూకంప ప్రమాణం ఐఎస్ 1893లోని పటం ప్రకారం జోన్ 2లో ఉన్నాయి. అంటే ఆ పటంలో అతి తక్కువ తీవ్రత. భుజ్ ఉన్న కచ్ఛ్ జోన్ 5. మనది కచ్ఛ్ కాదు, కాబట్టి నిద్ర మానుకోనక్కర్లేదు.

అయితే పటాన్ని తాయెత్తులా కట్టుకుని తిరగనూ కూడదు. 1993 సెప్టెంబర్ 30న కిల్లారి భూకంపం వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆ ఊరు అప్పటి పటంలో జోన్ 1లో, అంటే ఇంకా తక్కువ ప్రమాదం ఉన్న చోట ఉంది. 2002లో జోన్ 1నే ఎత్తేసి జోన్ 2లో కలిపారు. మన దగ్గరా నేల ఎన్నడూ కదలకుండా లేదు. 1917లో విజయనగరం ప్రాంతంలో భూకంపం నమోదైంది. 2014 మే 21న బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చినది తూర్పు తీరం పొడవునా తెలిసింది.

నా లెక్క వేరు. నీరుగారే నేల భూకంపం లేని రోజున కూడా మంచి నేల కాదు. వదులు ఇసుక, పైకి వచ్చిన నీటిమట్టం, నిన్న మొన్న పోసిన మెరక, ఈ మూడూ తుపాను వానకు కూడా పునాదిని కుంగదీస్తాయి. మా మేనమామ ఇల్లు అలాగే బీటలు తీసింది. భూమి ఎక్కడా కదలలేదు. పూడ్చిన గెడ్డ (వాగు) మీద కట్టారు, రెండు వానాకాలాలు గడిచేసరికి వంటగది మూల రెండంగుళాలు దిగింది. భూకంపం పేరుతో మీరు చేయించే పరీక్షకు భూకంపం రాకపోయినా ఫలితం దక్కుతుంది.

మొదటి పని: స్థలం పుట్టుక కనుక్కోండి

డబ్బు ఖర్చు లేని పని ఇదే, ఎవరూ చేయని పనీ ఇదే. స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్లవి తిరగేస్తారు, ఈసీ తీస్తారు. ఆ నేల ముప్పై ఏళ్ల కింద ఏమిటో మాత్రం అడగరు.

ముందు రికార్డు. పాత భూముల రిజిస్టరు ఆర్ఎస్ఆర్ గానీ, జమీందారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ గానీ చూసి ఆ సర్వే నంబరు, దాని చుట్టుపక్కల నంబర్లు ఏ పేరుతో ఉన్నాయో చూడండి. చెరువు, గెడ్డ, ఏటి పోరంబోకు అన్న మాట కనిపిస్తే ఆగండి. గ్రామ పటంలో వంకర గీతగా వెళ్లే గెడ్డ ఇప్పుడు లేఅవుట్‌లో నలభై అడుగుల రోడ్డుగా మారి ఉండవచ్చు. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేయండి. వరదల తర్వాత తీసిన చిత్రం దొరికితే అదృష్టం. ఏరు విడిచిపెట్టిన పాత పాయలు అందులో ముదురు చారలుగా తెలుస్తాయి.

చివరికి ఊళ్లో పెద్దవాళ్లు. "ఇక్కడ ఏం పండేది?" అని అడగండి. "పండడమా, చేపలు పట్టేవాళ్లం" అని జవాబు వస్తే మిగతా పరీక్షలు గట్టిగా చేయించాలని అర్థం.

అనుమానించాల్సిన చోట్లు మన దగ్గర తేలిగ్గానే తెలుస్తాయి. నాగావళి, వంశధార, చంపావతి, మహేంద్రతనయ సముద్రంలో కలిసే ముందు పరిచిన కొత్త ఇసుక మేటలు. ఆ నదుల పాత పాయలు. సోంపేట వైపు బీల లాంటి నీటి పల్లాలను పూడ్చిన స్థలాలు. ఉప్పు నేలలు, రేవుల చుట్టూ పోసిన మెరక. ఉద్దానం ఇసుక నేలలన్నీ ఒక్కటి కావు. ఎత్తుగా ఉండి నీరు బాగా లోతున ఉన్న కొబ్బరి తోట వేరు, దిబ్బల మధ్య నీరు నిలిచే పల్లం వేరు. ఇక విజయనగరం మెట్ట ప్రాంతాల్లో గట్టిపడిన ఎర్రమట్టి, దాని కింద రాయి ఉన్నచోట ఈ గొడవే లేదు. నల్లరేగడికి బీటల రోగం వేరే ఉంది, నీరుగారే రోగం మాత్రం లేదు. బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

ఏటి ఒడ్డుకు ఇంకో ప్రమాదం ఉంది. కింది పొర నీరుగారితే పై నేల మొత్తం పలకలా ఏటి వైపు జారుతుంది. చూడటానికి చదునుగా ఉన్న నేల కూడా జారుతుంది. ఒడ్డు నుంచి వంద మీటర్లు, అంతకు మించి కూడా ఈ జారుడు కనిపించిన సందర్భాలున్నాయి. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఇలా పాడైన ఏటి పక్క వాడలను తిరిగి కట్టడం దండగని ప్రభుత్వమే వేలాది ఇళ్ల స్థలాలు కొని ఖాళీ చేయించింది. ఏటి వైపు బాల్కనీ పెట్టుకోవాలన్న ముచ్చట ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

రెండో పని: బావి చూడండి, గొయ్యి తవ్వండి, మట్టిని అరచేతిలో ఆడించండి

నీటిమట్టం ఎంత లోతున ఉందో ఏప్రిల్‌లో చూస్తే మోసపోతారు. కార్తీకంలో, తుపాను వానలు తగ్గిన వారానికి పక్కింటి బావిలోకి తొంగి చూడండి. చేద తాడు కొలిచి రాసుకోండి. ఆ అంకె మూడు మీటర్ల లోపుంటే జాగ్రత్త పడాల్సిన స్థలం. పది మీటర్లు దాటితే మామూలు ఇంటికి ఈ బెంగ చాలావరకు తీరినట్టే.

తర్వాత నాలుగైదడుగుల గొయ్యి. అక్కడి నుంచి తడి మట్టి ఒక ముద్ద తీసి, గులకలు ఏరేసి, అరచేతిలో నిమ్మకాయంత ఉండగా చేసి కాస్త చదును చేయండి. ఆ చేతిని రెండో చేతికి తాకేలా అడ్డంగా పది పన్నెండుసార్లు కుదపండి. ఉపరితలం కాలేయంలా నిగనిగలాడుతూ నీరు పైకి వచ్చిందా? ఇప్పుడు వేళ్లతో నొక్కండి. మెరుపు చటుక్కున మాయమై ముద్ద గరుకుగా, పొడిబారినట్టుగా మారిందా? అది సన్న ఇసుక లేదా ఒండ్రు. కుదుపుకు నీరు వదిలే రకం, మన కథలో దొంగ అదే. ఎంత కుదిపినా మెరుపు రాకుండా ముద్ద వేళ్లకు అంటుకుంటూ ఉంటే బంకమట్టి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజనీర్లు కూడా సన్న మట్టిని గుర్తుపట్టడానికి చేసే పరీక్షల్లో ఇదొకటి.

ఇంకా నమ్మకం కావాలంటే ఒక సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి గట్టిగా కలిపి నిలబెట్టండి. అర నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. కొన్ని నిమిషాల నుంచి గంట వరకు దిగేది ఒండ్రు. మర్నాటికి కూడా నీళ్లు మురికిగానే ఉంటే అందులో బంక ఉంది.

ఇంట్లో వాళ్లు నమ్మకపోతే బకెట్ పరీక్ష చేసి చూపించండి. నేను చాలామందికి చూపించాను, లెక్కలు చెప్పినప్పుడు ఆవలించినవాళ్లు కూడా దీనికి లేచి కూర్చుంటారు. బకెట్‌లో సగం నీళ్లు పోసి, అందులో ఏటి ఇసుకను చేతితో నెమ్మదిగా చల్లండి. నొక్కవద్దు. ఇసుక మట్టం పెరిగే దారిలో మూత బిగించిన ఖాళీ మందు సీసా ఒకటి అందులో పాతిపెట్టండి. ఇసుక మట్టం, నీటి మట్టం ఒక్కటయ్యాక పైన ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టండి. చక్కగా నిలుస్తుంది. ఇప్పుడు బకెట్ పక్కను రోకలితో టకటకా తట్టండి. ఇటుక ఒక మూలకు దిగి వాలిపోతుంది. నీరు ఇసుక మీదికి వస్తుంది. కాసేపటికి సీసా ముక్కు బయటపెడుతుంది. ఇటుక మీ ఇల్లు, సీసా మీ సెప్టిక్ ట్యాంకు. ఇంకా తట్టి తట్టి ఇసుక సర్దుకున్నాక మళ్లీ ఇటుక నిలబెట్టి తట్టి చూడండి. ఈసారి అంత తేలిగ్గా పడదు. నేలను గట్టిపరచడమంటే ఏమిటో కూడా ఆ బకెట్‌లోనే తెలిసిపోతుంది.

మూడో పని: బోరు వేయించి దెబ్బలు లెక్కపెట్టించండి

ఇక్కడ బోరంటే నీళ్ల బోరు కాదు. మట్టి పరీక్ష బోరు. దాంట్లో చేసే ముఖ్యమైన పరీక్షను ఎస్‌పీటీ అంటారు. మూడు కాళ్ల స్టాండు మీద కప్పీ, దానికి తాడు, తాడుకు 63.5 కిలోల సుత్తి. అది 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడుతూ ఒక బోలు గొట్టాన్ని నేలలోకి దించుతుంది. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ విలువ. ఇసుకలో 4 లోపు వస్తే మరీ వదులు, 10 లోపు వదులు, 30 దాటితే గట్టి.

ఆ రోజు సెలవు పెట్టండి. కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి. రాడ్ మీద సుద్దతో 15 సెంటీమీటర్లకొక గీత చొప్పున మూడు గీతలు గీస్తారు. గీతలు గీయకుండా మొదలుపెడితే ఆపండి. సుత్తి పూర్తి ఎత్తుకు లేస్తోందో లేదో చూడండి. మధ్యాహ్నం ఎండకు తాడు లాగేవాళ్ల చేతులు అలిసిపోతే సుత్తి అడుగున్నరే లేస్తుంది, దెబ్బలు ఎక్కువ పడతాయి, కాగితం మీద మీ నేల గట్టిదైపోతుంది. తప్పు వాళ్లది కాదు, రోజుకు ఇన్ని మీటర్లని కూలి కట్టినవాడిది. మజ్జిగ తెప్పించి కాసేపు ఆపించండి. మీ పుస్తకంలో మీరూ అంకెలు రాసుకోండి.

ఇంకో కిటుకు. నీటి మట్టం కింద ఇసుకలో తవ్వుతున్నప్పుడు బోరు గుంటలో నీళ్లు తగ్గనివ్వకూడదు. తగ్గితే బయటి నీరు అడుగు నుంచి ఎగదన్ని ఇసుకను వదులు చేస్తుంది, ఎన్ విలువ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇప్పుడు తప్పు మరో వైపు, లేని జబ్బుకు మందు కొనాల్సి వస్తుంది.

ఈ పహారా ఎందుకంటే, ఒకసారి నా చేతికి వచ్చిన ఒక రిపోర్టులో మూడు బోర్లలోనూ ప్రతి లోతుకూ ఒకే అంకెలు ఉన్నాయి. నేల అంత క్రమశిక్షణగా ఉండదు. అడిగితే "నమూనా ఫార్మాటండీ" అన్నారు. మళ్లీ బోరు వేయిస్తే మూడున్నర మీటర్ల దగ్గర, రిపోర్టులో 18 అని ఉన్నచోట, మా కళ్లముందు 5 దెబ్బలకే గొట్టం దిగిపోయింది. కప్పీ దగ్గర నిలబడ్డ పెద్దాయన "బాబూ, ఇది సుత్తి దిగడం కాదు, రాడ్ తన బరువుకే దిగుతోంది" అన్నాడు. ఆయనకు ఐఎస్ ప్రమాణాలు తెలియవు. నేల మాత్రం తెలుసు.

చిన్న ఇంటికి ఎన్ని బోర్లు? మట్టి పరీక్షల ప్రమాణం ఐఎస్ 1892 (1979) ప్రకారం ఎకరం మేర స్థలానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. చిన్న కట్టడానికి మధ్యలో ఒక్కటైనా చాలు. పూడ్చిన స్థలమని అనుమానముంటే నేనైతే ఎదురెదురు మూలల్లో రెండు వేయిస్తాను. లోతు విషయంలో బేరమాడకండి. మామూలుగా ఇళ్లకు ఐదారు మీటర్లతో ఆపేస్తారు. నీరుగారే పొరలు ఎక్కువగా పై 15 నుంచి 20 మీటర్లలోనే ఉంటాయి గనుక, గట్టి పొర ముందే తగలకపోతే 15 మీటర్లదాకా వెళ్లమనండి. ప్రతి మీటరున్నరకు ఒక ఎన్ విలువ, ప్రతి పొరకు జల్లెడ పరీక్ష, ఒకరోజు ఆగి కొలిచిన నీటిమట్టం, ఈ మూడూ రిపోర్టులో ఉండాలని ముందే రాయించుకోండి.

నాలుగో పని: రిపోర్టును అంకెలతో నిలదీయండి

రిపోర్టు చివర "స్థలం నిర్మాణానికి అనుకూలం" అని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని వదిలేయండి. నీరుగారడానికి సంబంధించిన లెక్క ఉందా లేదా చూడండి. 2016 నాటి ఐఎస్ 1893 చివర అనుబంధంగా ఈ లెక్క పద్ధతి ఉంది, కాబట్టి చేయలేదనడానికి సాకు లేదు. లెక్క సారాంశం ఇంతే: కుదుపు నేల నుంచి ఎంత అడుగుతుంది, నేల ఎంత ఇవ్వగలదు. ఇవ్వగలిగినదాన్ని అడిగినదానితో భాగిస్తే 1 కన్నా తక్కువ వస్తే ఆ పొర నీరుగారుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నీటిమట్టం మీటరు లోతున ఉంది. 4 మీటర్ల లోతున శుభ్రమైన ఇసుక, దిద్దుబాట్ల తర్వాత ఎన్ విలువ 5. ఆ లోతున చదరపు మీటరు మీద మట్టి, నీరు కలిపి దాదాపు 7.6 టన్నులు. నీటి తేలింపు పోగా రేణువులు నిజంగా మోస్తున్నది 4.6 టన్నులు. ఆ రెంటి నిష్పత్తి 1.65. జోన్ 2కు కుదుపు 0.10. వీటిని సూత్రంలోని 0.65తో, లోతు సవరణ 0.97తో గుణిస్తే అడిగేది సుమారు 0.10 అవుతుంది. ఎన్ 5 ఉన్న ఇసుక 7.5 తీవ్రత భూకంపానికి ఇవ్వగలిగేది 0.07. అంటే 0.7, నేల ఓడిపోయింది. అదే 6.0 తీవ్రత భూకంపమైతే కుదుపు కొద్దిసేపే ఉంటుంది గనుక నేల సుమారు 0.13 ఇవ్వగలదు. అప్పుడు 1.2, గెలిచింది. ఎన్ 10 అయితే 7.5కు కూడా 1 కాస్త దాటుతుంది.

చూశారుగా, ఒకే నేల, ఒకే జోన్. తీవ్రత ఎంత అనుకున్నారన్న ఒక్క అంకె మీద గెలుపోటములు తారుమారయ్యాయి. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: "తీవ్రత ఎంత తీసుకున్నారు, ఎందుకు?" రెండోది: "నీటిమట్టం ఏ నెలది?" పై ఉదాహరణలో నీరు మూడు మీటర్ల లోతుకు దిగితే అదే ఎన్ 5 ఇసుక 7.5 దగ్గర కూడా 1కి దగ్గరగా వస్తుంది. ఏప్రిల్‌లో కొలిచిన నీటిమట్టంతో లెక్క వేస్తే చాలదు, నవంబరులో భూకంపం రాకుండా ఆపడం మన చేతిలో లేదు.

లెక్క వేయని పొట్టి దారి కూడా ఉంది. నీటిమట్టం కింద ఉన్న ఇసుకకు జోన్ 3, 4, 5లలో 5 మీటర్ల లోతు వరకు ఎన్ కనీసం 15, 10 మీటర్లు దాటితే 25 ఉండాలని ఆ 2016 ప్రమాణం అడుగుతుంది. జోన్ 2కు అంతకన్నా సడలింపు ఉంది. మీ నేల ఆ గట్టి జోన్ల అంకెలనే అందుకుంటే ఈ వ్యాసం ఇక్కడే మూసేసి శంకుస్థాపనకు ముహూర్తం చూసుకోవచ్చు.

ఐదో పని: నేలను బట్టి పునాది

వదులు పొర పైన రెండు మీటర్లలోనే ఉంటే అదృష్టవంతులు. దాన్ని తీసేయండి. ఎండలు ముదిరాక, నీరు కిందికి దిగినప్పుడు తవ్వండి. గ్రావెల్‌గానీ మంచి ఎర్రమట్టిగానీ 20 నుంచి 30 సెంటీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరను తగినంత తడితో రోలరుతోనో ప్లేట్ వైబ్రేటరుతోనో కుదించాలి. నాలుగడుగులు ఒకేసారి నింపి, నీళ్లు వదిలి "కూర్చుంటుందిలెండి" అనే పద్ధతి ఒకటి మన దగ్గర స్థిరపడింది. అది కూర్చోదు. ఇల్లు కట్టాక కూర్చుంటుంది.

ఒకటి రెండు అంతస్తుల ఇంటికి, వదులు పొర మరీ మందంగా లేకపోతే, స్తంభానికొకటిగా వేసే విడివిడి ఫుటింగ్‌ల బదులు గట్టి బీములున్న రాఫ్ట్, అంటే ఇల్లంతటికీ ఒకే పలకలా పరిచే పునాది, మంచిది. అది కుంగకుండా ఆపలేదు. కుంగితే అంతా ఒక్క పళ్లెంలా కుంగేలా చూస్తుంది. పునాదికి ప్రాణం తీసేది కుంగడం కన్నా ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ కుంగడం. విడి ఫుటింగ్‌లే వేయాల్సి వస్తే వాటన్నిటినీ రెండు దిక్కుల్లోనూ టై బీములతో కట్టేయండి. బరువు కూడా సర్దండి. మెట్ల గది, పైన వాటర్ ట్యాంకు, పూజగది గ్రానైటు అన్నీ వాస్తు పేరుతో ఒకే మూలకు చేరితే నేల నీరుగారిన రోజున ఇల్లు ఆ మూలకే వాలుతుంది. వాస్తు వద్దనడం లేదు, ఆ మూల బరువు ఎంతో ఇంజనీరుకు ముందే చెప్పమంటున్నాను.

అపార్టుమెంట్లకు, గోదాములకు నేలనే బాగుచేయడం లాభం. రాతి స్తంభాలు అందులో బాగా నిలబడే పద్ధతి. నేలలో వరసగా గుంతలు చేసి కంకర దిమ్మిస్తారు. పక్క ఇసుక నొక్కుకుని గట్టిపడుతుంది, కుదుపు వేళ నీరు బయటపడటానికి కంకర దారి ఇస్తుంది. కంపనంతో ఇసుకను లోపలే సర్దించే యంత్రాలూ ఉన్నాయి. ఏది చేయించినా పని అయ్యాక మళ్లీ ఎస్‌పీటీ వేయించాలి. ముందు 5, తర్వాత 18 అని కాగితం మీద చూపించేదాకా చివరి బిల్లు ఆపండి.

ఇక పైల్స్. "పైల్ వేశాం సార్, ఇక భయం లేదు" అన్న మాట చాలాసార్లు వింటాం. కాండ్లా భవనం గుర్తుందా? నీగతాలో ఒక భవనం కింది పైల్స్‌ను ఇరవై ఏళ్ల తర్వాత తవ్వి చూస్తే విరిగిపోయి కనిపించాయి. ఇన్నేళ్లూ జనం అందులో పని చేసుకుంటూనే ఉన్నారు. పైల్ చుట్టూ నేల నీరుగారితే దాన్ని పట్టి ఉంచే రాపిడి పోతుంది, నేల పక్కకు జారితే పైల్ నడుము వంగుతుంది. అందువల్ల పైల్ కొన నీరుగారే పొర దాటి గట్టి పొరలో దిగి ఉండాలి, ఆ పొరలో రాపిడి సున్నా అనుకునే లెక్క వేయాలి, వంపుకు తగ్గ ఇనుము పైన మాత్రమే కాక ఆ పొర అంచుల దగ్గరా ఉండాలి. ఈ మూడూ డిజైన్ కాగితంలో చూపించమని అడగండి.

సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు చివర్న గుర్తొస్తాయి. అవి తేలకుండా అడుగు శ్లాబు మందంగా వేసి గోడల కన్నా అడుగున్నర బయటకు పొడిగిస్తే దాని మీద పడే మట్టి బరువే పట్టి ఉంచుతుంది. ఇంట్లోకి వచ్చే నీటి, మురుగు గొట్టాలను గోడలో బిగించేయకుండా మెత్తని జాయింటు ఇవ్వండి. ఇల్లు నిలిచినా నీటి, మురుగు గొట్టాలు తెగి క్రైస్ట్‌చర్చ్ జనం చాలా అవస్థ పడ్డారు.

ఇల్లు ఎప్పుడో కట్టేసినవాళ్లు

పునాది కింద ఇప్పుడు తవ్వి పెద్ద మార్పులు చేయడం ఖరీదు, ఒక్కోసారి ప్రమాదం. చేయగలిగినవి చిన్నవి. కప్పు నీళ్లు పునాది మూలల్లో పడకుండా గొట్టాలు మళ్లించండి. పునాదికి ఆనించి కొత్త గోతులు తవ్వించకండి. గొట్టాల జాయింట్లు మార్చండి. మేడ మీద ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే దానికి ముందే ఒక బోరు వేయించండి.

కంపం ఆగాక

బయటికి వచ్చి ముందు నేలను చూడండి. చిన్న పుట్టల్లా, మధ్యలో బొడ్డులా గుంట ఉన్న ఇసుక కుప్పలు కనిపిస్తే, బావిలో నీళ్లు ఉన్నట్టుండి బురదై పైకి వస్తే, ఏటికి సమాంతరంగా నేల చీలితే కింద నీరుగారిందని అర్థం. గోడకు బీట లేకపోయినా ఇంట్లోకి వెళ్లి పడుకోకండి. ఇసుక ఊరడం కంపం ఆగిన తర్వాత కూడా కాసేపు సాగుతుంది, వెంట వచ్చే చిన్న కంపాలకు మళ్లీ మొదలవుతుంది.

వెలుగు వచ్చాక తాపీ మేస్త్రీ దగ్గరి తూకపు గుండు తెప్పించి, నాలుగు మూలలా మూడు మీటర్ల ఎత్తు నుంచి వేలాడదీయండి. దారం పైన గోడకు ఎంత దూరంలో ఉందో, అడుగున ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. ఆ రెంటికీ తేడా రెండు సెంటీమీటర్లో, అంతకు మించో ఉంటే ఇంజనీరు చూసేదాకా లోపలికి వెళ్లే పని లేదు. అంతకన్నా తక్కువైతే కొలిచిన అంకె, తేదీ ఆ గోడ మీదే పెన్సిల్‌తో రాసి, వారం తర్వాత అక్కడే మళ్లీ గుండు దించండి.